హృదయలిపిని చదివిన విలెమ్ ఐంతోవెన్

మానవుని దేహమునందు అహోరాత్రములు విశ్రాంతి యెఱుగక పనిచేయు అవయవము హృదయము. ఆరోగ్యవంతుని హృదయము నిమిషమునకు సుమారు 70 పర్యాయములు, దినమునకు సుమారు ఒక లక్ష పర్యాయములు స్పందించును. ఆ స్పందనములకొక లయ కలదు. పాటకు తాళమెట్టిదో ప్రాణమునకు హృదయలయ అట్టిది. తాళము తప్పిన పాట రసహీనమగును. లయ తప్పిన హృదయము ప్రాణమునకే ముప్పు తెచ్చును. పూర్వము వైద్యులు నాడిని పట్టి చూచియు, రోగి ఱొమ్మునకు చెవి యొగ్గియు ఈ లయను గ్రహించుచుండిరి. 1816వ సంవత్సరమున లెన్నెక్ అను ఫ్రెంచి వైద్యుడు స్టెతస్కోపును కనుగొనిన పిమ్మట హృదయధ్వనులు మఱింత స్పష్టముగా వినవచ్చెను. కాని ధ్వని విన్న క్షణముననే మాయమగును. ఒక వైద్యుడు విన్నదానిని మఱియొకనికి చూపుట యెట్లు? నిన్నటి స్పందనమును నేటి స్పందనముతో పోల్చుట యెట్లు? లయ తప్పినదని తెలిసినను, హృదయమున ఏ భాగమునందు, ఏ కారణముచేత తప్పినదో కనుగొనుట యెట్లు? ఈ ప్రశ్నలకు సమాధానముగా హృదయముచేతనే దాని కథను కాగితముపై వ్రాయించిన శాస్త్రజ్ఞుడు విలెమ్ ఐంతోవెన్.

ఐంతోవెన్ 1860 మే 21వ తేదీన జావా ద్వీపమునందలి సెమరాంగు పట్టణమున జన్మించెను. నేడు ఇండొనేషియా దేశములోనున్న ఆ ద్వీపము ఆ దినములలో డచ్చివారి పాలనలో నుండెను. తండ్రి యాకబ్ ఐంతోవెన్ వైద్యుడు. ఆయన మొదట సైన్యమునందు, పిదప సెమరాంగు పట్టణమునందు వైద్యము చేసెను. విలెమ్ ఆయన సంతానములో మూడవవాడు, కుమారులలో పెద్దవాడు. విలెమ్‌నకు ఆఱేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. ఆఱుగురు పిల్లలతో మిగిలిన తల్లి లూయీ నిరాశకు లోను గాలేదు. పిల్లల విద్యాభివృద్ధియే తన ధర్మమని నిశ్చయించుకొని 1870వ సంవత్సరమున ఆమె సముద్రములు దాటి హాలెండునకు వచ్చి, ఉట్రెక్టు నగరమున కాపురము పెట్టెను. తండ్రి నడచిన వైద్యమార్గముననే తానును నడువవలెనని బాలుడైన విలెమ్ సంకల్పించెను.

వైద్యవిద్యకు ధనము కావలెను. తండ్రిలేని ఆ కుటుంబమునకు అంతటి వ్యయమును భరించుట కష్టము. కావున విద్య ముగిసిన పిదప తూర్పు దీవులలోని సైన్యమున వైద్యుడుగా పనిచేయుదునని ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, ఐంతోవెన్ ఉట్రెక్టు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. చదువునందెంత శ్రద్ధయో వ్యాయామమునందును ఆయనకు అంత శ్రద్ధ యుండెను. కత్తిసాము, పడవనడుపుట ఆయనకు ప్రియమైన క్రీడలు. ఉట్రెక్టు విద్యార్థుల పడవపందెముల సంఘమును స్థాపించినవారిలో ఆయన ఒకడు.

ఒకప్పుడు వ్యాయామము చేయుచు ఆయన క్రిందపడగా మణికట్టు విఱిగెను. కొంతకాలము కదలక యుండవలసి వచ్చెను. తన చేయి ఏ విధముగా మెలి తిరుగుచున్నదో, మోచేతి కీలు ఎట్లు పనిచేయుచున్నదో ఆ కాలమున ఆయన నిశితముగ పరిశీలించెను. ఆ పరిశీలన ఫలితముగా మోచేతి కీలును గుఱించి ఒక వ్యాసము వ్రాసి 1882లో ప్రకటించెను. శరీరమును ఒక యంత్రమువలె చూచి, దాని చలనములను కొలచి తెలిసికొనవలెనను బుద్ధి ఆయనకు విద్యార్థిదశయందే అలవడెను.

నేత్రశాస్త్రమున సుప్రసిద్ధుడైన డాండర్సు ఆచార్యుని పర్యవేక్షణమున పరిశోధన చేసి, ఐంతోవెన్ 1885లో డాక్టరు పట్టము పొందెను. ఆ సంవత్సరముననే లైడెన్ విశ్వవిద్యాలయమువారు ఆయనను శరీరధర్మశాస్త్రమునకు ఆచార్యునిగా నియమించిరి. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరములు మాత్రమే. సైనికవైద్యుడుగా జావాకు పోవలసిన యువకుడు ఈ విధముగా పరిశోధనశాలలో నిలిచిపోయెను. ఒడంబడిక ప్రకారము సైన్యమున సేవచేయనందున, తన విద్యకై ప్రభుత్వము వెచ్చించిన ధనమును తీర్చవలసి వచ్చెను. 1886లో ఆయనకు వివాహమాయెను. ముగ్గురు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగిరి. నాటినుండి జీవితాంతము వఱకు ఆయన లైడెన్‌ను విడువలేదు.

ఆ కాలమునకు హృదయమును గుఱించి ఒక వింతవిషయము తెలియవచ్చి యుండెను. హృదయమున నాలుగు గదులు కలవు. పైనున్న రెండు గదులను కర్ణికలనియు, క్రిందనున్న రెండు గదులను జఠరికలనియు అందురు. ప్రతి స్పందనమునకు ముందు హృదయమున ఒక స్వల్పమైన విద్యుత్తు జనించును. అది కుడికర్ణిక పైభాగమున బయలుదేరి, కర్ణికలయందంతటను వ్యాపించి, ఒక్క లిప్తకాలము ఆగి, పిమ్మట జఠరికలలోనికి ప్రవహించును. విద్యుత్తు నడచిన మార్గముననే కండరములు ముడుచుకొని రక్తమును ముందునకు నెట్టును. ఈ విద్యుత్తులో కొంత దేహముపై చర్మము వఱకు ప్రసరించును. కాని దాని బలము మిక్కిలి తక్కువ. ఒక వోల్టులో వేయవవంతు మాత్రమే. అంతటి స్వల్పవిద్యుత్తును, అదియు క్షణములో మాఱిపోవుదానిని, పట్టుకొనుట సులభసాధ్యము కాదు.

1887వ సంవత్సరమున లండను నగరమున వాలర్ అను శాస్త్రజ్ఞుడు మానవహృదయపు విద్యుత్తును మొట్టమొదట నమోదు చేసెను. ఇందులకాయన సన్నని గాజుగొట్టముతో చేసిన పరికరము నుపయోగించెను. ఆ గొట్టములో పాదరసమును, దానిపై గంధకామ్లమును ఉండును. విద్యుత్తు సోకినపుడు పాదరసపు అంచు కొంచెముగ పైకి గాని క్రిందికి గాని కదలును. ఆ కదలిక నీడను ఛాయాచిత్రముగా తీయుదురు. 1889లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున శరీరధర్మశాస్త్రజ్ఞుల మహాసభ జరిగెను. అచ్చట వాలర్ చూపిన ప్రయోగమును ఐంతోవెన్ కన్నులార చూచెను. స్వదేశమునకు వచ్చి తానును అట్టి పరికరముతో పరిశోధన లారంభించెను.

కాని పాదరసము బరువైన ద్రవము. హృదయవిద్యుత్తు వేగముగా పెరిగి తరిగినను పాదరసము అంతవేగముగ కదలజాలదు. అందుచేత పటముపై పడిన గీత హృదయము చేసిన పనికి సరియైన ప్రతిబింబము కాదు. పరిశోధనశాల వెలుపల రాళ్లు పఱచిన వీధిలో గుఱ్ఱపుబండ్లు పోవునపుడు కలుగు అదురునకు సయితము పాదరసము చలించెడిది. మఱియొకడైనచో ఇంతవఱకు తెలిసినది చాలునని తృప్తి చెందియుండును. ఐంతోవెన్ స్వభావము అట్టిది కాదు. పాదరసము ఎంత ఆలస్యముగా కదలునో కొలచి, గణితసహాయమున ఆ దోషమును సవరించి, అసలు గీత ఎట్లుండవలెనో లెక్కకట్టెను. ఒక్కొక్క స్పందనమునకు ఈ లెక్క చేయుటకు ఎంతో కాలము పట్టెడిది. లెక్క ముగిసిన పిదప కాగితముపై అయిదు తరంగములు స్పష్టముగా కానవచ్చెను. 1895లో ఆయన వానికి ఆంగ్ల అక్షరమాల మధ్యనుండి పి, క్యూ, ఆర్, ఎస్, టి అను పేర్లు పెట్టెను. పి అనునది కర్ణికల విద్యుత్తు. క్యూ, ఆర్, ఎస్ అనునవి జఠరికల విద్యుత్తు. టి అనునది జఠరికలు మరల పూర్వస్థితికి వచ్చుటను సూచించును. ఈనాటికిని ప్రపంచమునందలి వైద్యులందఱును ఈ పేర్లనే వాడుచున్నారు.

ఈ కాలముననే ఆయన హృదయధ్వనులను గూడ కాగితమునకు ఎక్కించుటకు పూనుకొనెను. మైక్రోఫోను సహాయమున ధ్వనిని విద్యుత్తుగా మార్చి, ఆ విద్యుత్తును గీతగా లిఖించు పద్ధతిని 1894లో తన సహాధ్యయనకారునితో కూడి ప్రకటించెను. చెవికి మాత్రమే అందు హృదయధ్వని ఈ విధముగ కంటికిని అందెను. తరువాత 1907లో, మఱింత సున్నితమైన పరికరముతో సాధారణముగా చెవికి చిక్కని మూడవ హృదయధ్వనిని సయితము నమోదు చేసెను.

లెక్కలచేత దోషమును సవరించుట పండితులకు సాధ్యము కావచ్చును. కాని మంచముపై నున్న రోగికి అది ఏమి మేలు చేయును? ఒక స్పందనమును గణించుసరికి రోగి పరిస్థితి మాఱిపోవచ్చును. లెక్క అవసరములేకుండ హృదయము వ్రాసినది వ్రాసినట్లు చూపగల పరికరము కావలెనని ఐంతోవెన్ గ్రహించెను. ఆనాడు విద్యుత్తును కొలచుటకు గాల్వనోమీటరను పరికరము వాడుకలో నుండెను. దానిలో అయస్కాంతధ్రువముల నడుమ తీగచుట్ట యొకటి వ్రేలాడుచుండును. విద్యుత్తు ప్రవహించినపుడు అది తిరుగును. చుట్టకు బరువు ఎక్కువ కనుక అదియు మెల్లగానే కదలును. చుట్టకు బదులు ఒకే ఒక తంత్రిని అమర్చినయెడల బరువు తగ్గును, వేగము పెరుగునని ఆయన యోచించెను. సముద్రగర్భపు టెలిగ్రాఫు తంతుల కొఱకు ఫ్రాన్సు దేశమున అడేర్ అనునాతడు 1897లోనే తంత్రీపరికరము నొకదానిని చేసియుండెను. కాని హృదయపు విద్యుత్తును గ్రహించుటకు దానికంటె ఎన్నో రెట్లు సున్నితమైన తంత్రి కావలెను.

ఆ తంత్రిని ఐంతోవెన్ క్వార్ట్జు అను స్ఫటికముతో చేసెను. బాయ్స్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు కనుగొనిన ఉపాయము ఇందులకు తోడ్పడెను. స్ఫటికమును తీవ్రమైన మంటలో కరగించి, కరగిన ముద్దను బాణమునకు తగిలించి వింటినుండి వదలుదురు. బాణము దూసికొనిపోవునపుడు దానివెంట కంటికి కానరానంత సన్నని దారము సాగును. దాని మందము మిల్లీమీటరులో సుమారు అయిదువందలవ వంతు. మనుష్యుని తలవెండ్రుక దానికంటె ముప్పదిరెట్లు లావు. అట్టి దారమునకు వెండిపూత పూసి, విద్యుత్తు ప్రవహించునట్లు చేసి, బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువముల నడుమ నిలువుగా బిగించిరి. ధ్రువములకు రంధ్రములు చేసి, వానిగుండ కాంతిని ప్రసరింపజేసి, సూక్ష్మదర్శినితో తంత్రి నీడను కొన్ని వందలరెట్లు పెద్దది చేసిరి. ఆ నీడ సన్నని చీలికగుండ పోయి, కదలుచున్న ఛాయాచిత్రఫలకముపై పడును. ఆకులుగల చక్రమొకటి కాంతికి అడ్డముగ తిరుగుచు కాలమును సూచించు గీతలను ఫలకముపై వేయును. హృదయము స్పందించిన ప్రతి పర్యాయము తంత్రి కంపించును. తంత్రి కంపించినపుడు దాని నీడ ఫలకముపై గీతను వ్రాయును.

ఈ తంత్రీ గాల్వనోమీటరును ఐంతోవెన్ 1901లో వర్ణించి ప్రకటించెను. దానితో తీసిన మానవహృదయలేఖను 1902లో వెల్లడించెను. ఆ గీతను, అంతకుముందు తాను గణితముచేత సాధించిన గీతతో పోల్చిచూడగా రెండును సరిపోయెను. ఏడేండ్ల క్రిందట కాగితముపై లెక్కకట్టిన సత్యమునకు తంత్రి సాక్ష్యము పలికెను. ఒక్క మిల్లీవోల్టునకు పది మిల్లీమీటర్ల ఎత్తు, ఒక్క సెకనునకు ఇరువదియైదు మిల్లీమీటర్ల వేగము అని ఆయన నిర్ణయించిన కొలతలు నేటికిని చెల్లుబడి యగుచున్నవి. ఒక దేశమున తీసిన హృదయలేఖను మఱియొక దేశపు వైద్యుడు సులభముగ చదువగలుగుటకు ఈ ఏకరూపమైన కొలతయే కారణము.

కాని ఆ యంత్రమును చూచినవారికి ఆశ్చర్యముతోపాటు అనుమానమును కలుగక మానదు. దాని బరువు సుమారు 270 కిలోగ్రాములు. అది రెండు గదులను ఆక్రమించెను. దానిని నడుపుటకు అయిదుగురు మనుష్యులు కావలెను. అయస్కాంతములు వేడెక్కకుండ వానిచుట్టును నీరు నిరంతరము ప్రవహింపవలెను. పరీక్షింపబడు మనుష్యుడు రెండు చేతులను, ఎడమకాలిని ఉప్పునీరు నింపిన పాత్రలలో ముంచి కదలక కూర్చుండవలెను. అంతటి యంత్రమును వైద్యశాలకు తీసికొనిపోవుట అసాధ్యము. తీవ్రమైన హృద్రోగముతో బాధపడువారిని పరిశోధనశాలకు తీసికొనివచ్చుట అపాయకరము. యంత్రము ఒకచోట, రోగి మఱియొకచోట. వారి నడుమ ఒకటిన్నర కిలోమీటర్ల దూరము. ఈ దూరమును దాటనిచో అంతటి పరిశ్రమయు పరిశోధనశాల గోడల నడుమనే నిలిచిపోవును.

ఐంతోవెన్ దీనికి చక్కని ఉపాయమును కనుగొనెను. యంత్రమును గాని రోగిని గాని కదల్పక, హృదయవిద్యుత్తునే తీగమీదుగా రప్పించిన చాలును గదా! లైడెన్ వైద్యశాలనుండి తన పరిశోధనశాల వఱకు టెలిఫోను తీగలను ఉపయోగించి 1905 మార్చి 22వ తేదీన ఆయన మొదటి దూరలేఖను సాధించెను. ఆనాడు పరీక్షకు లోనైనవాడు ఆరోగ్యవంతుడైన ఒక మనుష్యుడు. అతడు పరిశోధనశాలనుండి సైకిలు త్రొక్కుకొని వైద్యశాలకు పోయి ఉప్పునీటిలో చేతులుంచెను. అతని హృదయలేఖలో ఆర్ తరంగము మిక్కిలి ఎత్తుగా కనిపించెను. సైకిలు త్రొక్కిన శ్రమయే అందులకు కారణమని భావించిరి. దూరమునుండి రోగిని పరీక్షించు విధానము ఆనాడు ఆ విధముగా రూపుదిద్దుకొనెను.

పిమ్మట రోగుల హృదయలేఖలు ఒకటొకటిగ లైడెన్ పరిశోధనశాలకు చేరెను. 1906లో ఆయన వానిని క్రోడీకరించి ప్రకటించెను. అంతవఱకు నాడిని పట్టి చూచినవారికి లయ తప్పుచున్నదని మాత్రమే తెలిసెడిది. ఎచ్చట తప్పుచున్నదో హృదయలేఖ చూపెను. కొందఱి హృదయములలో కర్ణికలలోని విద్యుత్తు జఠరికలకు చేరనే చేరదు. కర్ణికలు తమ వేగమున తాము, జఠరికలు మిక్కిలి మందముగ తాము స్పందించుచుండును. అట్టివారు నడచుచు నడచుచు స్పృహతప్పి పడిపోవుదురు. కొందఱు మరల లేవరు. మఱికొందఱిలో ఒక స్పందనము తనవంతు రాకముందే వచ్చును. వేఱు కొందఱిలో కర్ణికలు మితిమీరిన వేగముతో కొట్టుకొనును. నాడిని పట్టిచూచు వైద్యునకు వీరిలో పలువురి వ్యాధులు ఒకే తీరుగ గోచరించెడివి. హృదయలేఖయందు ఒక్కొక్కరి గీత ఒక్కొక్క రీతిగ నుండెను. వ్యాధిని వ్యాధినుండి వేఱుపఱుపనిదే చికిత్సను నిర్ణయించుట సాధ్యము కాదు.

అయినను ఈ కృషి నిరాటంకముగ సాగలేదు. వైద్యశాలతో ఏర్పడిన సహకారము ఎక్కువకాలము నిలువలేదు. రోగుల హృదయలేఖలు వచ్చుట ఆగిపోయెను. ఐంతోవెన్ వైద్యము చేయువాడు కాడు, ఆయన పరిశోధకుడు. పరికరము ఆయన చేతిలోనున్నది. రోగులు ఇతరుల చేతిలో నుండిరి. హృదయవిద్యుత్తును మొదట నమోదు చేసిన వాలర్ సయితము ఈ పద్ధతి వైద్యశాలలలో విస్తారముగ వ్యాపించునని 1911లోను నమ్మలేదు. ఐంతోవెన్ ఎవరితోను కలహమునకు పోలేదు. తన తంత్రిని ఇంకను సన్ననిదిగ చేయుట, తన కొలతలను ఇంకను సరిచూచుట, తన పద్ధతిని ఇతరులకు తెలియజేయుట ఆయన తన పనిగా పెట్టుకొనెను.

ఆ పని వృథా కాలేదు. ఇంగ్లండు దేశమునందలి కేంబ్రిడ్జి పరికరనిర్మాతలు ఆయన సహకారముతో తంత్రీ గాల్వనోమీటరును తయారుచేయుటకు పూనుకొనిరి. 1911 నాటికి రెండు గదులు నిండిన యంత్రము ఒక బల్లమీద ఇముడునంతటి పరిమాణమునకు తగ్గెను. లండనులోని యూనివర్సిటీ కాలేజి వైద్యశాలలో థామస్ లూయిస్ అను యువవైద్యుడు దానిని రోగుల పరీక్షకు ఉపయోగించెను. నాడి ఏమాత్రమును క్రమములేకుండ కొట్టుకొను ఒక వ్యాధిని వైద్యులు చాలకాలమునుండి ఎఱుగుదురు. కాని దాని కారణము తెలియదు. ఆ రోగుల కర్ణికలు సరిగ ముడుచుకొనక గాలికి వణకు ఆకువలె కంపించుచుండుటయే దానికి కారణమని 1909లో లూయిస్ హృదయలేఖలద్వారా నిరూపించెను. అదే సమయమున వియన్నా నగరమునందలి శాస్త్రజ్ఞులును అదే నిర్ణయమునకు వచ్చిరి. లైడెన్‌లోని పరిశోధకునకును లండనులోని వైద్యునకును స్నేహము కుదిరెను. ఒకరు పరికరమును బాగుచేసిరి; మఱియొకరు దానిచేత రోగములను తెలిసికొనిరి.

1912లో ఐంతోవెన్ మఱియొక ముఖ్యవిషయమును వివరించెను. రెండు చేతులు, ఎడమకాలు అను మూడు స్థానములు ఒక సమబాహు త్రిభుజపు శీర్షములని భావించినయెడల, హృదయము దాని మధ్యనుండును. ఆ మూడు భుజములవెంట తీసిన మూడు లేఖలను కలిపి చదివినచో, హృదయవిద్యుత్తు ఏ దిక్కున ప్రవహించుచున్నదో లెక్కకట్టవచ్చును. దీనిని నేటి వైద్యవిద్యార్థులు ఐంతోవెన్ త్రిభుజమను పేరుతో చదువుచున్నారు. పాఠశాలలో నేర్చు సామాన్యమైన రేఖాగణితము మానవహృదయమును తెలిసికొనుటకు ఈ విధముగా ఉపకరించినది.

1924వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము ఐంతోవెన్‌నకు లభించెను. ఆ సమయమున ఆయన అమెరికాలో ఉపన్యాసము లిచ్చుచుండెను. మఱుసటి సంవత్సరము స్టాక్‌హోమ్ నగరమున నోబెల్ ఉపన్యాస మొసగునపుడు ఆయన తన ఘనతను చాటుకొనలేదు. లూయిస్ చేసిన కృషి లేనిచో హృదయలేఖకు అంతటి ఆదరము లభించియుండెడిది కాదని ఆ సభలో నిండుమనస్సుతో చెప్పెను.

జీవితపు చివరిదశలో ఆయన తన తంత్రికి మఱియొక పని కల్పించెను. కుమారుడు విలెమ్ ఫ్రెడరిక్ విద్యుత్ ఇంజనీరు. తండ్రీకుమారులు కలసి తంత్రిని శూన్యనాళములో బిగించి, దానిని ఇంకను సున్నితము చేసి, జావాద్వీపమునుండి వచ్చు రేడియో టెలిగ్రాములను హాలెండులో గ్రహింపగలిగిరి. తండ్రిని పోగొట్టుకొని బాలుడుగా విడిచివచ్చిన జన్మభూమినుండి వార్తలను అందుకొనుటకు ఆయన కనుగొనిన తంత్రియే సాధన మాయెను. కొంతకాలము వ్యాధితో బాధపడి, 1927 సెప్టెంబరు మాసాంతమున లైడెన్ నగరమున ఐంతోవెన్ కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు 67 సంవత్సరములు.

ఐంతోవెన్ వ్యాధిని తెలిసికొను మార్గము చూపెను. లయ తప్పిన హృదయమును సరిదిద్దు మార్గమును ఆయన తరువాతివారు కనుగొనిరి. 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశమున ఎల్మ్‌క్విస్టు అను ఇంజనీరు తయారుచేసిన పేస్‌మేకరను చిన్నయంత్రమును సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు ఒక రోగి దేహములో అమర్చెను. అది విద్యుత్తును నియమితకాలమున హృదయమునకు అందించి దానిని స్పందింపజేయును. మొదటియంత్రము కొన్ని గంటలలోనే చెడిపోయెను. అయినను వైద్యులు ప్రయత్నము మానలేదు. యంత్రముమీద యంత్రము మార్చుచు వచ్చిరి. ఆ రోగి 2001 వఱకు, 86 ఏండ్ల వయస్సు వచ్చువఱకు జీవించెను.

పేస్‌మేకరు విద్యుత్తు సాధారణముగా తీగలగుండ హృదయమును చేరును. తీగలు కాలక్రమమున తెగవచ్చును. వానివెంట సూక్ష్మక్రిములు చేరవచ్చును. తీగలేకుండ హృదయమునకు శక్తిని పంపుటెట్లు? ఇందులకు మరల ధ్వనియే తోడ్పడినది. సెకనునకు 20,000 కంపనములకు మించిన ధ్వని మానవుని చెవికి వినరాదు. దానిని అతిధ్వని యందురు. 1929లో హార్వే అను అమెరికా శాస్త్రజ్ఞుడు అట్టి ధ్వనితరంగములు కప్ప, తాబేలు మున్నగు ప్రాణుల హృదయకండరములపై చూపు ప్రభావమును పరిశీలించి ప్రకటించెను. ఇటీవలి సంవత్సరములలో శాస్త్రజ్ఞులు వడ్లగింజంత పరికరము నొకదానిని రూపొందించిరి. దానిని ఎడమ జఠరిక లోపలిగోడకు అమర్చుదురు. ఱొమ్ముటెముకల సందున చర్మముక్రింద నుంచిన మఱియొక పరికరము అతిధ్వని తరంగములను పంపును. గింజంతటి పరికరము ఆ ధ్వనిని విద్యుత్తుగా మార్చి హృదయమును స్పందింపజేయును. కుడిజఠరికలో ముందే అమర్చిన పేస్‌మేకరు సంకేతమును అనుసరించి ఈ ధ్వని సరియైన క్షణమున బయలుదేరును. అందుచేత రెండు జఠరికలును కలసి పనిచేయును. ఇట్టి పద్ధతిని 2025లో అమెరికా ప్రభుత్వపు ఔషధనియంత్రణ శాఖవారు ఆమోదించిరి. ధ్వని పంపిన పిలుపును హృదయము ఆలకించినదో లేదో వైద్యులు నిర్ణయించుట మాత్రము ఐంతోవెన్ పేరిడిన ఆ తరంగములను చూచియే.

నేడు చిన్నపట్టణములలోని వైద్యశాలలయందును హృదయలేఖ తీయు యంత్రము కానవచ్చును. అది చేతితో పట్టుకొనిపోవునంత తేలికయైనది. రెండు గదులలో అయిదుగురు మనుష్యులు చేసిన పని ఇప్పుడు ఒక్కరు కొన్ని నిమిషములలో ముగింపగలరు. ఱొమ్ములో నొప్పియని వచ్చిన రైతునకు గాని, స్పృహతప్పిన వృద్ధురాలికి గాని వైద్యుడు మొట్టమొదట చేయించు పరీక్షలలో అది యొకటి. ఆ కాగితముపై ఎగసిపడు గీతవెనుక, పాదరసపు నీడను చూచి తృప్తిపడక, సరియైన కొలత చిక్కువఱకు సంవత్సరములతరబడి శ్రమించిన ఒక మహనీయుని దీక్ష దాగియున్నది. సరిగా కొలువబడిన సత్యము చిన్నదైనను వ్యర్థము గాదని, అది ఎప్పుడో ఒకప్పుడు ఎవరి ప్రాణమునైనను నిలుపగలదని విలెమ్ ఐంతోవెన్ జీవితము లోకమునకు తెలుపుచున్నది.